రిజిస్టరులో లేని గడి

శనివారం సాయంత్రం బయో డైవర్సిటీ జంక్షన్ దాటుకుని మాదాపూర్ దాకా వచ్చారంటే, ఓపిక విషయంలో మీకు నేను చెప్పాల్సిందేమీ లేదు.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆహ్వానపత్రిక మీద ఉంది. నలుగురిలో తన పేరు వినబడితే ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలేవారు. అందుకని వీధిలో అందరూ పిలిచినట్టే నేనూ పెద్దాయన అంటాను. ధర్మనిధి ఉపన్యాసాలు సాధారణంగా పండితుల పేరిట, స్వాతంత్ర్య సమరయోధుల పేరిట జరుగుతుంటాయి. ఒక మందుల షాపు యజమాని పేరిట జరగడం నేను ఇదే చూడటం. ఈ ఆలోచన చేసిన ఆయన కొడుకుని ముందుగా అభినందిస్తున్నాను.

నేను 1999లో ఈ వీధిలో క్లినిక్ తెరిచాను. ఇక్కడి ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అంటే రంగు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య మేకలు. పెద్దాయన షాపులో అప్పుడు ఎక్కువగా పోయేవి జ్వరం బిళ్లలు, దెబ్బలకి రాసే టించరు, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలకీ కూలీలకీ నడుం నొప్పి మాత్రలు. నిద్రమాత్రల డబ్బా ఒకటి పై అరలో ఉండేది. ఎవరైనా అడిగితే స్టూలు వేసుకుని తీయాలి. ఆయన పోయేనాటికి ఆ డబ్బా కౌంటరు పక్కనే, చూడకుండా చెయ్యి చాపితే అందే అరలోకి దిగింది. పై అరలోంచి కింది అరకి ఆ డబ్బా ఎలా దిగిందో చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఆల్ప్రజోలం, డయాజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం లాంటి మందులు అమ్మితే విడిగా ఒక రిజిస్టరు రాయాలి. చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు. మూడేళ్లు భద్రపరచాలి. కొన్నిచోట్ల ఈ పుస్తకం ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే బిగిన పూర్తవుతుందని ఈ సభలో ఉన్న ఫార్మసిస్టులకు తెలుసు, వాళ్ల నవ్వు కనబడుతూనే ఉంది. పెద్దాయన ఏ రోజుది ఆ రోజు రాసేవారు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకాలు. మూడేళ్లు దాటినా ఒక్కటీ పారేయలేదు. పోయిన నెల వాళ్లబ్బాయి రోగుల పేర్ల మీద స్కేలు అడ్డం పెట్టి నాకు కొన్ని పేజీలు చూపించాడు.

మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలున్నాయి. ప్రభుత్వం అడగని గడి అది, ఆయన సొంతంగా గీసుకున్నది. ‘రా’, ‘రి’, ‘బెం’, ‘పె’, ‘వీ’. రా అంటే రాత్రి షిఫ్టు. రి అంటే రిలీజు, కొత్త వెర్షను బయటికి వెళ్లాల్సిన వారం. బెం అంటే బెంచి, ప్రాజెక్టు లేక ఊరికే కూర్చోబెట్టిన కాలం, జీతం వస్తుంది గానీ నిద్ర రాదు. పె అంటే ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. వీ అంటే వీసా. స్ట్రిప్పు కత్తిరించి కవర్లో వేసే రెండు నిమిషాల్లో ఆయన “ఏమైంది బిడ్డా” అనేవారు. దానికి వచ్చిన జవాబులు ఇవి. ఒక్క గుర్తు మాత్రం కొడుక్కీ అర్థం కాలేదు. ‘తొ’ అని ఉంది. షాపులో పాత మనిషిని అడిగి కనుక్కుంటానన్నాడు.

మందు అన్న మాటకి మన భాషలో ఎన్ని ముఖాలో చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. శుక్రవారం రాత్రి కొట్టేది మందు. పత్తి చేలో చల్లేది మందు. నగరం మరిచిపోయిన అర్థం ఇంకొకటుంది. మా అమ్మమ్మ ఊళ్లో ఎవరి కొడుకైనా ఉన్నట్టుండి తల్లిని పట్టించుకోవడం మానేసి పెళ్లాం చెప్పినట్టల్లా ఆడితే, “వాడికి మందు పెట్టిందే” అనేవారు. మనసు మార్చే మందు! అందులో మూఢనమ్మకమూ ఉంది, కోడలి మీద అక్కసూ ఉంది, కాదనను. అయినా ఆ మాటలో ఒక ప్రశ్న కూడా ఉంది. పెట్టిందెవరు, ఎవరికి లాభం? ఇప్పుడు మన డబ్బుతో మనమే కొనుక్కుని మనమే వేసుకుంటున్నాం కాబట్టి ఆ ప్రశ్న అడగాలని తోచడం లేదు. ఈ మాత్ర వేసుకున్న మనిషికి పనికొస్తోందా, ఆ మనిషిని రాత్రి పదకొండింటికి కాల్‌లో కూర్చోబెట్టాల్సిన వాళ్లకి పనికొస్తోందా అన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం.

ఆల్ప్రజోలం సంగతే చూద్దాం. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మందు. మన మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. ఈ మాత్ర ఆ బ్రేకుని ఇంకాస్త బలంగా నొక్కుతుంది. అరగంటలో గుండెదడ సర్దుకుంటుంది, భుజాలు వదులవుతాయి. నెలల తరబడి ఇలా నొక్కుతూ పోతే మెదడు తన వంతు నొక్కడం తగ్గించేస్తుంది. అప్పుడు మాత్రని ఒక్కసారిగా ఆపితే వాలులో బ్రేకు లేని బండి గతే. వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఒక్కోసారి ఫిట్స్. ఈ జాతి మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలకి మించి వాడొద్దని బ్రిటన్ మందుల భద్రతా కమిటీ 1988లోనే చెప్పింది. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ వీటన్నిటి మీదా తన అత్యంత గట్టి హెచ్చరిక ముద్రించాలంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ‘పాయింట్ టూ ఫైవ్’ అనే మోతాదు తెలియనివాళ్లు తక్కువ. ఈ హెచ్చరికలు విన్నవాళ్లు అంతకన్నా తక్కువ.

ఈ మందు తెలంగాణ పల్లెకి మాత్రం డాక్టరు చీటీతో రాలేదు, కల్లు సీసాలో వచ్చింది. తాగేవాళ్లందరికీ సరిపడా కల్లు ఇచ్చేన్ని తాటిచెట్లూ ఈతచెట్లూ ఎక్కడున్నాయి? అందుకని నీళ్లు, శాకరిన్, మత్తుకి డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం. 2015 సెప్టెంబరులో కల్తీ మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు వందలమంది వింతగా ప్రవర్తించడం మొదలెట్టారు. వణికారు, మెడలు వంకర్లు తిప్పారు, ఎవరో పిలుస్తున్నట్టు మాట్లాడారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి వాళ్లతో నిండింది. కల్లు దొరక్క పిచ్చెక్కిందని ఊరంతా అనుకుంది. వాళ్లకి ఆగిపోయింది మాత్ర, తాము వేసుకుంటున్నట్టు తమకే తెలియని మాత్ర.

అది పదేళ్ల కిందటి మాట అనుకుంటే, 2025 జూలైలో ఇక్కడికి కూతవేటు దూరంలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్లు చనిపోయారు. పరీక్షల్లో ఆల్ప్రజోలం బయటపడింది. ఆ సెప్టెంబరులోనే బోయిన్‌పల్లిలో, పిల్లలు చదువుకునే స్కూలు భవనంలో దీన్ని గుట్టుగా తయారుచేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. కింద ఎక్కాలు వల్లెవేస్తున్నారు, అదే భవనంలో ఊళ్లని నిద్రపుచ్చే పొడి తయారవుతోంది.

టవర్ కట్టిన కూలీ సాయంత్రం కల్లు కాంపౌండ్‌లో తాగేదీ, అదే టవర్ తొమ్మిదో అంతస్తులో కూర్చున్న కుర్రవాడు రాత్రి వేసుకునేదీ ఒకే అణువు. తేడా లేదనడం లేదు. కుర్రవాడికి మోతాదు తెలుసు, చీటీ ఉంది, ఏది మింగుతున్నాడో చదువుకోగలడు. కూలీకి ఇవేవీ లేవు. అయితే ఇద్దరికీ ఆ మందు చేసే పని ఒక్కటే. రేపు పొద్దున మళ్లీ అదే పనికి లేచేలా చేయడం. కూలీది అయితే కేసు పెడతాం, కుర్రవాడిది అయితే రిజిస్టరులో రాసుకుంటాం.

మన ఆడవాళ్లు ఈ విషయంలో ఒకప్పుడు మనకన్నా ముందున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో లేచిన ఊరి ఆడవాళ్లు తాగేవాడి బలహీనత దగ్గర ఆగిపోలేదు. సారా ఎవరు పంపుతున్నారు, ఆ డబ్బు ఎటు పోతోంది అని అడిగారు. అది రాష్ట్రమంతా పాకి 1995 జనవరిలో మద్యనిషేధం దాకా వెళ్లింది. నిషేధం ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే ఉపన్యాసం. నిద్రమాత్రల గురించి అలాంటి ప్రశ్న అడిగిన ఆఫీసుని గానీ, అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ని గానీ నేను చూడలేదు.

పంపేదెవరు అని అడగబోతే మన వేలు మన వైపే తిరుగుతుంది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ నుంచి మొదలుపెడితే, మందుల తయారీ ఈ నగరానికి అన్నం పెట్టింది. అక్కడ పనిచేసి వచ్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2001 ఆగస్టులో ఆ కంపెనీ అమెరికాలో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల కాప్సూల్‌కి 180 రోజుల ప్రత్యేక అమ్మకపు హక్కు సాధించింది. ప్రోజాక్ అనే పేరుతో 1988 నుంచి అమెరికాలో అమ్ముడవుతున్న దిగులు మందు అది. ఒక భారతీయ కంపెనీకి అలాంటి హక్కు రావడం అదే మొదటిసారి. ఆ రోజు నేనూ గర్వపడ్డాను, ఇవాళ దాన్ని వెనక్కి తీసుకోను. చవకగా మందు దొరకడం చిన్న సంగతి కాదు. కానీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించారు. యాంటీబయాటిక్స్ గురించి అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అదే పట్టికలో సిటలోప్రామ్ కూడా ఉంది, లీటరుకు 0.7 మిల్లీగ్రాములకు పైనే. దిగులు పోగొట్టే మందు ఇసకవాగులో పారింది. ఆ వాగులో చేపలు సంతోషంగా ఉన్నాయేమో ఎవరూ అడగలేదు.

ఇక సెరటోనిన్ కథ. మెదడులో సెరటోనిన్ తగ్గితే దిగులొస్తుంది, మాత్ర దాన్ని భర్తీ చేస్తుంది. నేను కూడా ఇరవై ఏళ్లు రోగులకి ఇలాగే చెప్పాను. చెప్పడం సులువు, వినడం సులువు, అందులో ఎవరి తప్పూ ఉండదు. ఈ కథ పుట్టుకలో మన సర్పగంధికీ పాత్ర ఉంది. పిచ్చికీ నిద్రలేమికీ మన వైద్యులు వాడిన వేరు అది. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ దానిలోంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. రక్తపోటుకి అది వాడిన కొందరిలో దిగులు కనబడింది, అది మెదడులో ఈ రసాయనాల నిల్వల్ని ఖాళీ చేస్తుందనీ తేలింది. రెండూ కలిపి ఒక సిద్ధాంతం అల్లారు. 2022లో సైకియాట్రిస్టు జొవానా మాన్‌క్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, సెరటోనిన్ తక్కువ కావడం వల్లే దిగులొస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని చెప్పింది. దాని మీద ఇంకా వాదాలు నడుస్తున్నాయి. ఆ మందులు పనిచేయవని దీనర్థం కాదు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష 522 పరీక్షలు కలిపి చూసి, 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయంది, ఆ మెరుగు సగటున పెద్దదేమీ కాకపోయినా. మందు పనిచేస్తుందా అన్నది ఒక సంగతి. అది ఎందుకు పనిచేస్తుందో చెప్పే కథ నిజమా అన్నది ఇంకో సంగతి. మేం డాక్టర్లం రెండో దాన్ని మొదటిదానితో పాటు ఒకే చీటీ మీద రాసిచ్చేశాం.

జపాన్‌లో 1999 తర్వాత ఈ మందులు అమ్మాల్సి వచ్చినప్పుడు కంపెనీలు ఒక మాట ప్రచారంలోకి తెచ్చాయి. దిగులు అంటే ‘మనసుకి జలుబు’ అని. జలుబుకి మాత్ర వేసుకోవడానికి సిగ్గెందుకు? మాట మారింది, అమ్మకాలు మారాయి. మన దగ్గర మాట మార్చే శ్రమ కూడా అక్కర్లేకపోయింది, ఇంగ్లీషు తన పని తాను చేసుకుపోయింది. మనకి బెంగ ఉంది, దిగులుంది, గుబులుంది, తెలంగాణలో మనాది ఉంది. ఇవి ఒకటి కాదు. హాస్టల్లో చేర్చిన పిల్లకి బెంగ పెట్టుకుంటుంది, ఇంటికి తీసుకొస్తే తగ్గుతుంది. గుబులు రాబోయేదాని గురించి. మనాది పోయినవాళ్ల గురించి, దానికి తోడు కూర్చునే మనిషి కావాలి. ఏ మాట వాడామన్న దాంట్లోనే ఏం చేయాలన్నది సగం ఉండేది. ఇప్పుడు నా క్లినిక్‌లో అందరూ “సార్, యాంగ్జయిటీ” అంటారు. ఆ ఒక్క మాటకి సరిపోయేది ఒక్కటే, మాత్ర.

మరో మందు ముచ్చట చెప్పి తీరాలి. మోడాఫినిల్. నిద్ర రానివ్వని మాత్ర. పగలు కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే అరుదైన జబ్బుకి అమెరికాలో 1998 డిసెంబరులో అనుమతించారు. సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి నెల! జాతకాలు నమ్మను గానీ నమ్మేవాళ్లకి ఇది పనికొస్తుంది. 2004 జనవరిలో దానికి కొత్త జబ్బు ఒకటి జతచేశారు, షిఫ్ట్ వర్క్ స్లీప్ డిజార్డర్. రాత్రంతా పనిచేయించి పగలు పడుకోమంటే నిద్ర సరిగ్గా పట్టకపోవడం. నన్నడిగితే అది ఆ మనిషి శరీరం ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. టైం టేబుల్‌కి వచ్చిన జబ్బుని మనిషి పేరిట రాశారు. న్యూజెర్సీలో పగలు, నానక్‌రామ్‌గూడలో రాత్రి. మధ్యలో ఉన్న తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడాని ఎవరో ఒకరు మింగాలి కదా.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ నగరంలో 345 మంది ఐటీ ఉద్యోగుల కాలేయాలు పరీక్షించి, 84 శాతం మందిలో కొవ్వు ఎక్కువగా చేరిందని చెప్పారు. అది చదివి ఎవరూ వీళ్ల కాలేయాలు పుట్టుకతోనే లోపంతో ఉన్నాయనలేదు. కుర్చీ, బిర్యానీ, షిఫ్టు, నిద్ర అన్నారు. అందరికీ వెంటనే అర్థమైంది. అదే కుర్చీలో కూర్చున్న మనిషి మనసు కుంగితే మాత్రం లోపం మెదడు రసాయనంలో ఉందంటాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పకపోతే ఇంటికెళ్లాక నాకు నిద్ర పట్టదు. ఎర్రగడ్డలో నేను ఆరు నెలలు హౌస్ సర్జన్‌గా తిరిగాను. లిథియం వేసుకుని మళ్లీ బడిలో పాఠం చెప్పిన టీచర్ని చూశాను. మందు ఆపేసి రైలు పట్టాల మీదకి వెళ్లిన మనిషినీ చూశాను. అలాంటివాళ్ల మాత్రల జోలికి పోయేవాళ్లు వైద్యులైనా స్వాములైనా నేరస్తులే. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మందు అవసరమైన ఆదిలాబాద్ మనిషికి అందదు, తలుపు దాకా డెలివరీ వచ్చే గచ్చిబౌలిలో వేరే ఏదో కావలసిన మనిషికి అందుతుంది. ఇప్పుడు నా మాటలు విని మాత్రలు వేసుకుంటున్న ఎవరైనా ఈ రాత్రే ఆపేద్దామనుకుంటే దయచేసి ఆ పని చేయకండి. తగ్గించాలంటే డాక్టరుతో కలిసి, మెల్లగా, వారాల మీద. 2015లో ఏమైందో ఇందాక విన్నారు. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

వేరే ఏదో అన్నాను. ఏమిటది? 1988 నాటి షాపులు, సంస్థల చట్టంలో పనివేళల సెక్షన్లున్నాయి. ఐటీ సంస్థలకి వాటినుంచి ప్రభుత్వాలు మినహాయింపు ఇస్తూనే వస్తున్నాయి, ఏ పార్టీ ఉన్నా. 2025 జూలై 5న తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల పనిని అనుమతిస్తూ, వారానికి 48 గంటల పరిమితితో, ఉత్తర్వు ఇచ్చింది. కూకట్‌పల్లి కల్లు చావుల వార్తలూ అదే వారంలోవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని పనిచోట పుట్టే పరిస్థితిగా వర్గీకరించింది, జబ్బు కాదని స్పష్టంగా చెప్పింది. కానీ సెలవు కావాలంటే హెచ్‌ఆర్‌కి సర్టిఫికెట్ పెట్టాలి, సర్టిఫికెట్‌లో జబ్బు పేరుండాలి. ‘మేనేజరు రాత్రి రెండింటికి ఫోన్ చేస్తాడు’ అని రాస్తే చెల్లదు. కాబట్టి నేను జబ్బు పేరు రాస్తాను. రాశాక మందు రాయకపోతే బాగోదు. డబ్బా కింది అరకి దిగిన దారి ఇదే.

పెద్దాయన ఒకసారి షాపు మూసి నా క్లినిక్‌కి వచ్చారు. “డాక్టర్ సాబ్, చీటీ ఉంటే నేను మందియ్యాలె, ఇస్త. గా పిలగాన్ని రాత్రిపూట లేపేటోనికి ఎవ్వలు చీటీ రాస్తరు?” అన్నారు. నేను నవ్వేసి టీ తెప్పించాను. ఆ రోజు బయట ఇరవైమంది కూర్చున్నారు.

ఒక అమ్మాయి ఉంది, వివరాలు మార్చి చెబుతున్నాను. ఆన్ కాల్ డ్యూటీలో ఉంటుంది. సర్వరు ఆగితే ఫోన్ మోగుతుంది, పదిహేను నిమిషాల్లో లాప్‌టాప్ తెరవాలి. ఒకసారి నా ఎదుట బీపీ చూపించుకుంటుంటే మోగింది. చేతికి కట్టిన పట్టీ అలాగే ఉంది. పరీక్ష బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఒంటిచేత్తో టైపు చేసింది. నేను గాలి వదల్లేదు, ఆమె గమనించలేదు. మాత్ర తగ్గిద్దామని మొదలుపెట్టాక, పావు బిళ్ల ఎలా కోస్తున్నావమ్మా అని అడిగాను. మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు తీసి దాని అంచు చూపించింది. తెల్లటి పొడి అంటుకుని ఉంది.

మొన్న పెద్దాయన కొడుకు ఫోన్ చేశాడు. ‘తొ’ ఏమిటో తెలిసిందన్నాడు. కాసేపు నసిగి చెప్పాడు. “తొందర అంట సార్. రోగిది కాదు. డాక్టరు మాట్లాడకుండానే గబగబా రాసిచ్చాడని పేషెంట్ చెప్తే నాన్న పెట్టేటోడంట.”

ఆ గుర్తున్న పేజీలు మళ్లీ చూశాను. ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, చదవడం కష్టం కాదు. ‘తొ’కి ఎడమవైపు గడిలో, డాక్టరు పేరు రాయాల్సిన చోట, చాలాసార్లు నా పేరే ఉంది. ఐడీ కార్డుతో బిళ్ల కోసే అమ్మాయి మొదటి చీటీ పక్కన కూడా ఉంది. ఆమె వచ్చే బుధవారం మళ్లీ వస్తుంది. సగం నుంచి పావుకి వచ్చాం.